బ్యాటరీ లేని దీపం

మూడో షెడ్డు పేరెత్తితే చాలు, ఆ ఫ్యాక్టరీలో మాట మార్చేస్తారు. క్రేన్ కొక్కెం తెగిపడి ఒక మనిషి అక్కడే నుజ్జునుజ్జయ్యాడట. అప్పట్నుంచీ మిషన్లు ఆగాక అటు అడుగుపెట్టిన మగాడు లేడు.

టెక్నీషియన్ అమ్మాయికి మాత్రం తప్పలేదు. షెడ్డులో ప్రతి మోటారు మీదా రూపాయి బిళ్లంత సెన్సరు అతికించింది తనే. మోటారు వేడెక్కితే అవి కబురు చెబుతాయి. వాటికి బ్యాటరీ లేదు, వైరు లేదు. పైకప్పు మీది పెట్టె వదిలే రేడియో తరంగాలే వాటికి తిండి; అది అందితే వాటి మీద పచ్చ దీపం వెలుగుతుంది. పెట్టె ఆపితే అవి నిజంగా ఆరిపోతాయా లేదా... అది చూడాలి, మిషన్లు ఆగిన వేళ.

పెట్టె స్విచ్చు తన చేత్తోనే ఆపింది. లైట్లు ఆర్పింది. చిమ్మచీకటి.

చివరి మోటారు మీద పచ్చటి చుక్క వెలిగింది.

ఆరింది... మళ్లీ వెలిగింది.

"తాతా... చూశావా?"

తోడొచ్చిన వాచ్‌మన్ తాత చేతిలోని టార్చి కిందపడింది. "వాడే తల్లీ... పద, పద!" అంటూనే పరుగు లంకించుకున్నాడు. ఆమె కోసం ఆగనైనా ఆగలేదు.

ఆమె కూడా రెండడుగులు వెనక్కి వేసింది. కానీ బుర్ర పనిచేస్తూనే ఉంది. తిండి లేనిదే ఇది వెలగదు. పైన పెట్టె ఆగిపోయింది. అంటే మూరెడు దూరంలో ఇంకేదో రేడియో పలుకుతోంది. వాకీటాకీ!

టార్చి అందుకుని వెళ్లింది. మోటారు పక్కన ఆయిల్ గుంట, దాని మీద ఇనుప రేకు. రేకు దాకా నేల మీద ఈడ్చిన నెత్తుటి చార...

రేకు జరిపింది. అంతలో వెనకాల గరగరమని చప్పుడు.

"నీకెందుకమ్మా ఇవన్నీ?"

సూపర్‌వైజరు. నడుముకి గరగరలాడుతున్న వాకీటాకీ, చేతిలో ఇనుప పైపు.

తల తప్పించుకుంది గానీ దెబ్బ భుజం మీద పడింది. ఎముక విరిగింది. కిందపడ్డ ఆమె చేతికి స్పానర్ తగిలింది. రెండోసారి పైపు లేచేలోపే అతని మోకాలి మీద కొట్టింది. చిప్ప పగిలింది. అతను కూలబడ్డా పైపు వదల్లేదు. అతని మణికట్టు మీద కొట్టింది, మళ్లీ కొట్టింది, వేళ్లు విచ్చుకునేదాకా కొట్టింది.

"లేచావో... తల పగులుద్ది!"

గేటు దగ్గర్నుంచి తాత నలుగురిని వెంటేసుకొచ్చేసరికి ఆమె ఇంకా స్పానర్ ఎత్తే ఉంది.

గుంటలో ఉన్నది వెల్డరు. మోటార్లలోని రాగి తీగ సూపర్‌వైజరు విప్పుకుపోతుంటే చూశాడు. అతన్ని కట్టేసి కొట్టి, చచ్చాడనుకుని గుంటలో పడేసి, లారీ తేవడానికి వెళ్లాడట సూపర్‌వైజరు. వెల్డరు దవడ విరిగి వేలాడుతోంది. చేతులు వెనక్కి విరిచి కట్టేసి ఉన్నాయి.

"మరి వాకీటాకీ బటన్ ఎవరు నొక్కారు?" అంది ఆమె, గుంటలోకి వంగి.

వాకీటాకీ వెల్డరు చొక్కాకి గుండెల మీద తగిలించి ఉంది. దాని నిండా నెత్తురు. ఆ విరిగిన దవడతోనే నొక్కాడు.

మాట రావడానికి రెండు నెలలు పట్టింది. ఆమె ఆసుపత్రికి వెళ్తే చెప్పాడు:

"అవతలి సెట్టు వాడి దగ్గరే ఉందని తెలుసక్కా. నొక్కితే వాడే వస్తాడనీ తెలుసు. కానీ లైట్లు ఆరాక, నొక్కినప్పుడల్లా రేకు సందులోంచి పైన పచ్చ దీపం కనిపించేది... ఎవరో పలికినట్టుండేది. అందుకే నొక్కుతూ ఉన్నా."