చావని చోడి మొలకలు

హైగ్రోమైసిన్ కలిపిన గాజు పళ్లెంలో మాడి చావాల్సిన చోడి (రాగి) మొలకలు పచ్చగా నవనవలాడుతున్నాయి.

ఏజెంట్ ఫల్గుణ పళ్లు కొరికాడు. ఆ గింజలు బొర్రా లోయలో దొరికిన తన అన్న సుక్రు శవం పిడికిట్లోవి. పైరులో కొత్త జన్యువు చొప్పించేవాళ్లు ఆ యాంటీబయాటిక్‌ను తట్టుకునే జన్యువునూ జత చేస్తారు. మందులో బతికిందే తమ మొక్కని గుర్తు.

శాటిలైట్ ఫోన్ మోగింది.

"అంబలి చల్లారిందా?" చీఫ్ కోడ్.

"పొగలు కక్కుతోంది సార్. ఇది ల్యాబ్ విత్తనం. ఒక్క పంటే. ఆ పంట గింజ మళ్లీ మొలవదు. ఏటేటా విదేశీ ముఠా దగ్గరే కొనాలి."

"ఎవరి పని?"

"డాక్టర్ మోహన్‌కృష్ణ. అన్న అతని ల్యాబ్‌లోనే పనిచేశాడు."

"పట్టుకో."

"చంపాడనడానికి రుజువు లేదు సార్. వాడి నోటితోనే చెప్పిస్తాను."

అరకు రిసార్టులో ముఠా జీతం తింటూ మన పని చేసే డబుల్ ఏజెంట్ హేమలత. డాక్టర్ ముఠాకు పంపిన శాంపిల్ ప్యాకెట్‌ను ఆమె లిప్‌స్టిక్ దిద్దుకున్నంత తేలిగ్గా మార్చేసింది. లోపల ఇప్పుడు మామూలు చోళ్లు.

బొర్రా లోయ పైనున్న కొండ ఊళ్లో విత్తనాల పండగ వచ్చింది. ఇంటింటి గింజనూ అమ్మవారి ముందు ఒకే కుప్పగా పోసి, కలిపి, మళ్లీ అందరికీ పంచడం ఆ కొండ ఆచారం. ఒక్క దోసెడు చెడ్డ గింజ చాలు, ప్రతి పొలంలోకీ దూరుతుంది.

అతిథిగా వచ్చిన మోహన్‌కృష్ణ సంచి విప్పాడు.

"బేగి పొయ్యండి బాబూ, ఏటి సూస్తన్నారు?" అంది ఊరి పెద్ద దేముడమ్మ.

సంచి వంగింది. తుడుం వాయించేవాడి పుల్ల ఫట్‌మని అతని మణికట్టు మీద పడింది. సంచి ఆ వేషగాడి చేతిలోకి వచ్చింది. ఫల్గుణ!

"ఏటి డాక్టరుగారూ, మా అమ్మోరికే టోపీయా?"

"ఎవడ్రా నువ్వు? రుజువేదీ?"

"నాకెందుకు? నీ దొరలకి దొరికింది. నువ్వంపిన శాంపిల్ వాళ్లు మందులో మొలకేసినారు. అన్నీ మాడి సచ్చినాయి. అసలు గింజ ఇంకొకడికి అమ్మేసినావని ఘాట్‌రోడ్డులో కాపేసినారు. కొండ దిగుతావా?"

మోహన్‌కృష్ణ లోయలోకి చూశాడు. మలుపులో నల్ల జీపు ఆగి ఉంది.

"నన్ను జైల్లో పెట్టు. కాళ్లు పట్టుకుంటాను!"

"జైలుకి ఊరికే రానిస్తారేటి? టికెట్టు కావాల." ఫల్గుణ గుండీలోని రికార్డర్ నొక్కాడు. "మా అన్న సుక్రు సంగతి సెప్పు."

మోహన్‌కృష్ణ మరోసారి జీపు వైపు చూసి నోరు విప్పాడు.

"గింజల గుట్టు పండగలో అందరికీ చెబుతానన్నాడు. బతిమాలాను, వినలేదు. పెనుగులాటలో లోయ అంచున జారాడు. నా చెయ్యి పట్టుకుని వేలాడాడు. 'సారూ, వదలకండి' అన్నాడు. వదిలేశాను."