పద్నాలుగో వరుసలో తొమ్మిదో సీటు

"ఆరువేల అయిదువందల దినార్లా? పాట వినడానికా, గిటారిస్టుకి మోకాలు మార్పించడానికా?"

దూన్యా నాతో అన్న మొదటి మాట ఇది. బయట వాన. ఆమె గొడుగు నుంచి కారిన నీళ్ళు కిటికీ సందులోంచి నా బల్ల మీదికి వస్తున్నాయి.

"గొడుగు కొంచెం పక్కకి పెట్టండి. టికెట్లు తడుస్తున్నాయి," అన్నాను.

"తడిస్తే రేటు తగ్గుతుందా?"

"తగ్గదండీ."

"అయితే తడవనివ్వండి."

మా నిష్ ఊరి కోటలో వేసవి కచేరీలు జరిగే ఆరుబయలు రంగస్థలం ఉంది. దాని టికెట్ కిటికీలో రెండేళ్ళుగా కూర్చుంటున్నాను. ఆ నెల 'తుప్పు వంతెన' బ్యాండ్ వస్తోంది. నలుగురికీ అరవై అయిదు దాటాయి. పదిహేనేళ్ళు ఎవరి ఇంట్లో వాళ్ళు కూర్చుని, ఇప్పుడు మళ్ళీ ఊరూరా తిరుగుతున్నారు. బస్సులో, బేకరీలో, ఎక్కడ చూసినా ఒకటే వాదన: వీళ్ళు పాట మీద ప్రేమతో తిరుగుతున్నారా, డబ్బు కోసమా?

దూన్యా మర్నాడు కూడా వచ్చింది.

"తగ్గిందా?"

"లేదండీ. లైట్లు, లారీలు, స్టేజి అద్దె, పన్ను, అన్నీ అందులోనే కదా."

"అవన్నీ పోగా ఆ తాతలకేం మిగులుతుంది?"

"నాకు తెలీదు."

"తెలీకుండానే ఇంత వెనకేసుకొస్తున్నారా! తెలిస్తే ఇంకేం చేసేవారో!"

ఎదురు వీధిలో కట్టుడు పళ్ళు తయారుచేసే చోట పనిచేస్తుందట. నెల జీతంలో పదో వంతు ఒక్క సాయంత్రానికి పెట్టడానికి తాను రాక్ స్టార్‌ని కాదంది. వేళ్ళకి ఎప్పుడూ తెల్లటి ప్లాస్టర్ పొడి అంటుకుని ఉండేది. ఆమె వెళ్ళాక నా బల్ల మీద ఆ పొడి కొంచెం మిగిలేది. నేను తుడిచేవాణ్ణి కాదు.

వారం గడిచింది. పదకొండు గంటలయ్యేసరికి నా కళ్ళు రోడ్డు మీదే ఉండేవి.

ఇక్కడ నా సంగతి కొంత చెప్పాలి. మా ఊళ్ళో టికెట్ ఎవరూ తిన్నగా కొనరు. ముందు తెలిసినవాళ్ళెవరున్నారో వెతుకుతారు. నేను కిటికీలో కూర్చున్న రోజునుంచి నా చుట్టాల సంఖ్య మూడింతలైంది. మా నాన్న వెల్డర్. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. ఉద్యోగం వచ్చినప్పుడు నాన్న ఒక్క మాటే చెప్పాడు: "నీ చేతికి తాళాలిచ్చారు, రాదోష్. నమ్మి ఇచ్చారు." అందుకే ఎవరికీ ఊరికే ఒక్క టికెట్ ఇవ్వలేదు. మా మావయ్య పొద్దున్నే వేడి వేడి బురెక్ రొట్టె పట్టుకొచ్చి, నేను సగం తిన్నాక నాలుగు టికెట్లు అడిగాడు. లేవన్నాను. ఆ ఏడు మా ఇంటి దేవుడి పండక్కి కూడా రాలేదు.

ఆ గురువారం దూన్యా కాగితం పొట్లం విప్పి సందులోంచి తోసింది. జున్ను బురెక్, ఇంకా పొగలు కక్కుతోంది.

"సగం మీకు. దీంతో తాగే పెరుగు మాత్రం దారిలోనే తాగేశాను, సారీ."

నాకు మావయ్య గుర్తొచ్చాడు. ఇన్నాళ్ళూ ఈ అమ్మాయి దేనికొస్తోందో ఇప్పుడర్థమైందనుకున్నాను.

"చూడండి," అన్నాను, "నా దగ్గర ఫ్రీ టికెట్లు లేవు. ఉన్నా ఇవ్వను."

ఆమె ముఖంలో నవ్వు ఆగిపోయింది.

"నేను అడిగానా?"

"ఇంకా అడగలేదు."

వేళ్ళకంటిన పొడి దులుపుకుని వెళ్ళిపోయింది. పొట్లం అక్కడే ఉంది. నిజమే, ఆమె ఒక్కసారి కూడా అడగలేదు. బురెక్ చల్లారిపోయేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాను.

పన్నెండు రోజులు రాలేదు.

ఎవరు వచ్చినా కొంటున్నారు, వెళ్తున్నారు. రేటు ఎక్కువని పోట్లాడేవాళ్ళే లేరు. రోజూ బల్ల తుడుస్తున్నాను, అంటుకున్నదేం లేకపోయినా. ఒక మధ్యాహ్నం ధైర్యం చేసి ఆమె పనిచేసే చోటికి వెళ్ళాను. ముందు బల్ల దగ్గరున్న పెద్దావిడ తలెత్తి, "పైవా, కిందవా బాబూ?" అంది. లోపల గాజు తలుపు వెనక దూన్యా వీపు కనిపించింది. వంగి ఎవరి నవ్వునో చెక్కుతోంది. "మళ్ళీ వస్తానండీ," అని పారిపోయి వచ్చాను.

కచేరీ రోజు మధ్యాహ్నం, మైకులు సరిచూసే వేళ, ఒక పెద్దాయన కిటికీ దగ్గరికొచ్చాడు. నెరిసిన పిలక, తోలు జాకెట్టు. బ్యాండ్ గాయకుడు స్త్రాహిన్యా.

"ఎన్ని అమ్ముడయ్యాయి అబ్బాయ్?"

"ఇరవై మిగిలాయండీ." ఆపుకోలేక అడిగేశాను, "ఒక్క మాట. మీరు డబ్బు కోసమే తిరుగుతున్నారా?"

ఆయన పెద్దగా నవ్వాడు. "డబ్బు కోసమే. అప్పుడూ డబ్బు కోసమే పాడాం. కాకపోతే అప్పుడు ఇచ్చేవాళ్ళు కారు." తర్వాత స్టేజి వైపు చూశాడు. "ఇంట్లో కూర్చుంటే నా పేరు మందులషాపులో తప్ప ఎవరూ పిలవరు. అక్కడ కూడా ఇంటిపేరే పిలుస్తారు."

"మీ కింది పళ్ళ సెట్ వదులైంది," అంది వెనకనుంచి ఒక గొంతు. "మాటల్లో ఈల వస్తోంది. సోమవారం రండి, బిగిస్తాను."

దూన్యా!

"పాట అయ్యేదాకా ఊడదు కదా తల్లీ?" అన్నాడాయన కంగారుగా.

"అరవకండి. పాడండి చాలు."

ఆయన దవడ తడుముకుంటూ వెళ్ళాడు. దూన్యా కిటికీ ముందుకొచ్చింది. నోట్లు బల్ల మీద పెట్టింది.

"రెండు. పక్కపక్కన."

పద్నాలుగో వరుస, ఎనిమిది, తొమ్మిది. పక్క సీటు ఎవరికని అడగలేదు. అడిగే హక్కు నాకెక్కడిది? టికెట్లు చింపి ఇచ్చాను. ఆమె ఒకటి బ్యాగులో వేసుకుని, రెండోది సందులోంచి నా వైపు తోసింది.

"ఇది నీది. పూర్తి రేటు. రసీదు కూడా ఇవ్వు."

"దూన్యా, ఆ రోజు నేను..."

"తర్వాత."

"కానీ కిటికీ సగం కచేరీ దాకా మూయకూడదు. ఆ పైన లెక్క అప్పజెప్పాలి."

"నువ్వు వదిలి రావని తెలుసు. నేను రోజూ వచ్చింది అలా వదిలి రాని మనిషి కోసమే." వెళ్తూ వెనక్కి తిరిగింది. "చివరి పాటకి వచ్చినా చాలు."

సాయంత్రం పాటలన్నీ కోట గోడ ఇవతలే విన్నాను. ఒక్కో పాటా అయిపోతుంటే ప్రాణం పోతున్నట్టుండేది. లెక్క అప్పజెప్పి పరుగెత్తాను.

తొమ్మిదో సీటు మీద ఆమె బ్యాగుంది. నన్ను చూసి తీసింది.

"ముగ్గురు అడిగారు. మనిషి వస్తున్నాడన్నాను."

కూర్చున్నాను. ఆ సీట్లన్నీ నాకు నంబర్లుగా తెలుసు. కూర్చుంటే స్టేజి ఎలా కనిపిస్తుందో తెలీదు. రెండేళ్ళలో నన్ను టికెట్ అడగనివాళ్ళు లేరు. నాకు కొనిచ్చినవాళ్ళూ లేరు.

చివరి పాట మొదలైంది. వంతెన అవతల దీపం గురించి. రెండో చరణంలో ముసలాయన మాటలు మరిచిపోయాడు. జనమంతా లేచి ఆయన బదులు పాడారు. ఆయన మైకు దించి, తల వంచి వింటూ నిలబడ్డాడు. దూన్యా పొడి అంటిన వేళ్ళు నా చేతిని పట్టుకున్నాయి.

"నేను విన్న ఒక్క పాటకి ఆరువేల అయిదువందలు పడింది నీకు," అన్నాను. "డబ్బు వెనక్కి ఇవ్వరు, తెలుసుగా?"

"నేను అడిగానా?" అంది దూన్యా.

ఈసారి నేను ఆ వేళ్ళని గట్టిగా పట్టుకున్నాను.