జల్లించిన బూడిద

ఉదయం 5:50. తెల్ల కాగితం మీద బూడిద కనిపించింది.

సాన్ హసింతో ఎయిర్‌పోర్టులో ఆ కాగితానిదే చివరి మాట. రన్‌వే పక్కన సిమెంటు దిమ్మె మీద గంటకో కొత్త కాగితం పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి కాపలా కాసే మనిషి అబ్దోన్. యానా ఉర్కు అగ్నిపర్వతం ఏ కాస్త దగ్గినా ముందు ఆ కాగితానికే తెలుస్తుంది. దాని మీద బూడిద కనిపిస్తే సైరన్ మోగుతుంది, విమానాలు ఆగిపోతాయి. లోపల మంత్రిగారు కూర్చుని ఉన్నా సరే.

6:30 ఫ్లైట్ ఆగిపోయింది. నలభై నాలుగు మంది ప్రయాణికులు బెంచీల మీద కూలబడ్డారు.

7:15. ఇన్‌స్పెక్టర్ సోయ్‌లా జీపు దిగింది. టాక్సీలన్నీ టార్పాలిన్ల కింద దాక్కున్నాయి. మనుషులు ముక్కులకు గుడ్డలు కట్టుకున్నారు. సైరన్ మోగితే ఈ ఊళ్లో చేతులు వాటంతటవే కప్పేస్తాయి. కానీ ఆకాశం తోమిన పళ్లెంలా ఉంది. దూరంగా విమానం ఇంజిన్లు ఎండలో మెరుస్తున్నాయి.

కొండను గమనించే అబ్జర్వేటరీ వాళ్లు ఫోన్‌లో తేల్చి చెప్పేశారు. నిన్న సాయంత్రం అయిదు దాటాక కొండ ఏమీ కక్కలేదు.

"మరి ఇదెక్కణ్ణుంచి ఊడిపడింది మేడమ్?" విమాన కంపెనీ మేనేజర్ సెవాయోస్ కాగితాన్ని ఆమె ముక్కు దగ్గర పెట్టినంత పని చేశాడు. "ఈ ముసలాడి పనే! ఇతని అల్లుడికి బస్సులున్నాయి. మేం మూసుకున్న రోజు వాటిల్లో కాలు పెట్టే చోటుండదు."

అబ్దోన్ మొహం పాలిపోయింది.

"కాగితం ఎప్పుడు పరిచావు బాబాయ్?" అడిగింది సోయ్‌లా.

"అయిదింటికమ్మా."

"మళ్లీ ఎప్పుడు చూశావు?"

"ఆరు కాకుండానే. పది తక్కువ."

"మధ్యలో?"

"కాఫీకెళ్లా. పది నిమిషాలు." తల గోక్కుని, "సరే, పదిహేను," అన్నాడు. "ముప్పై ఏళ్లలో ఒక్క తప్పుడు కబురు చెప్పానేమో అడగమ్మా. మూడు నెలల్లో రిటైరవుతాను. దొంగ అనిపించుకుని పొమ్మంటారా?"

సోయ్‌లా చిటికెడు బూడిద వేళ్ల మధ్య నలిపింది. పిండిలా మెత్తగా ఉంది. కొండ నుంచి వచ్చేదయితే మెత్తనిదీ గరుకుదీ కలిసి పడుతుంది, వేలికి ఇసుకలా తగులుతుంది. ఇందులో ఒక్క పలుకు లేదు. వాళ్లమ్మ పాత బూడిదను పిండి జల్లెడతో జల్లించి డబ్బాలో దాచేది, గిన్నెలు తోముకోవడానికి.

ఆమె తిన్నగా క్యాంటీన్ వంటింట్లోకి నడిచింది.

"అక్కా, గిన్నెలు దేంతో తోముతున్నావు?"

వంటమనిషి మిచే, పొట్టేలు మాంసం కోస్తున్నంత కోపంగా ఉల్లిపాయలు కోస్తోంది. "దేంతో తోముతారు? బూడిదతో! అదిగో డబ్బా." మూత తీసి నోరు తెరిచింది. "అయ్యో, సగం ఏమైంది?"

"పొద్దున ఎవరెవరొచ్చారు?"

"రాని వాళ్లెవరు? అబ్దోన్ కాఫీకొచ్చాడు. మెకానిక్ సెగుండో వేణ్నీళ్లకొచ్చాడు. మేనేజరు ఫ్లాస్కు నింపుకుపోయాడు. ఇదేమన్నా వంటిల్లా, సంత!"

8:10. బూడిద కొండది కాదు, డబ్బాలోదని సోయ్‌లా చెప్పిందో లేదో సెవాయోస్ చంకలు గుద్దుకున్నాడు. క్షణాల్లో టవర్‌కు ఫోన్ వెళ్లింది. ఎయిర్‌పోర్టు తెరిచారు. ఫ్లైట్ 9:05కి అని మైకులో చెప్పారు.

కేసు సగం తేలింది. సోయ్‌లాకు మాత్రం కాలు ఒకచోట నిలవలేదు. బస్సు టికెట్ల కోసం ముప్పై ఏళ్ల పేరు పోగొట్టుకునే మనిషి కాడు అబ్దోన్. మరి ఎవరు? ఎందుకు? క్యాంటీన్‌లో అటూ ఇటూ తిరిగింది. కాఫీ పోయించుకుని తాగడం మరిచిపోయింది. విమానం కనిపించే కిటికీ దగ్గర ఆగింది.

అలాగే నిలబడిపోయింది.

8:45. నలుగుర్నీ క్యాంటీన్‌కు పిలిపించింది.

"సైరన్ మోగగానే నువ్వేం చేశావక్కా?"

"మొక్కజొన్న హుమితా కుడుముల బుట్ట మీద రెండు గుడ్డలు కప్పా."

"బాబాయ్?"

"మూతికి తువ్వాలు కట్టుకున్నా."

"మేనేజర్ గారూ?"

"కారు మీద టార్పాలిన్ వేయించాను. అయినా ఇదేం ప్రశ్న?"

"సెగుండో, నువ్వు?"

మెకానిక్ తల దించుకున్నాడు. నలభై దాటిన మనిషి, గోళ్ల సందుల్లో నల్లటి గ్రీజు.

"ఇంజిన్లకు ఎర్ర తొడుగులున్నాయి కదా. సైరన్ మోగితే అవి తొడగడమే నీ మొదటి పని. పంతొమ్మిదేళ్లుగా అదే చేస్తున్నావు. ఈ రోజు అందరూ ఏదో ఒకటి కప్పుకున్నారు. నేను జీపు దిగేసరికి నీ ఇంజిన్లు మాత్రం ఎండలో బోసిగా మెరుస్తున్నాయి. బూడిద పడదని నీకొక్కడికే తెలుసు. అవునా?"

సెగుండో తలెత్తాడు. కళ్లల్లో నీళ్లు.

"నిన్న సాయంత్రం ఈ విమానం పొగలోంచే వచ్చింది మేడమ్. ఎడమ ఇంజిన్లో కెమెరా పెట్టి చూశాను. బూడిద కరిగి గాజులా అతుక్కుపోయింది. లాగ్‌బుక్‌లో రాశాను. ఈయన ఆ పేజీ చింపేశాడు. ఇంజిన్ బాగుందని వేరేవాడితో సంతకం పెట్టించాడు."

"అబద్ధం!" అరిచాడు సెవాయోస్.

"ఈ పూట డ్యూటీకొచ్చిన కొత్త కెప్టెన్‌కి చెప్పబోతే గేటు దగ్గరే ఆపించాడు. ఎయిర్‌పోర్టు తెరిచాక కూడా వెళ్లా, మూడుసార్లు మొత్తుకున్నా. మెకానిక్ మాట ఎవరు వింటారు? కాగితం చెబితే మాత్రం ఇక్కడ అందరూ వింటారు." అబ్దోన్ వైపు తిరిగాడు. "నీ మీదకొస్తుందనుకోలేదు బాబాయ్."

బయట ఇంజిన్ కూత మొదలైంది.

8:58. సోయ్‌లా గిరుక్కున కిటికీ వైపు తిరిగింది. ఆ విమానానికి దారి తెరిచింది తనే. నలభై నాలుగు మంది!

"ఇతన్ని కదలనివ్వకండి!" అని సెవాయోస్‌ను చూపించి పరుగెత్తింది. వెనకే సెగుండో, భుజానికి కెమెరా పెట్టెతో. ఆమె టోపీ ఎగిరిపోయింది. విమానం ముక్కుకు ఎదురుగా రెండు చేతులూ చాచి నిలబడింది. బతుకులో అంతగా ఎన్నడూ భయపడలేదు.

కూత తగ్గింది. ఆగింది.

ఇంజిన్ చల్లారాక, 9:50కి కెప్టెన్ కెమెరా తెరలోకి వంగి చూశాడు. ఇంజిన్ లోపల తిరిగే రెక్కల మీద గాజు పెచ్చులుగా పేరుకుపోయి ఉంది. ఆయన టోపీ తీసేశాడు.

"కొండ దాటేవాళ్లం కాదు," అన్నాడు.

సెవాయోస్‌ను జీపులో వెనక సీట్లో కూర్చోబెట్టారు. చింపిన పేజీ అతని కోటు జేబులోనే దొరికింది. సెగుండో తనంతట తనే మణికట్లు చాచాడు.

"దొంగ సైరన్ కూడా నేరమే. కేసు రాయక తప్పదు," అంది సోయ్‌లా. ఆ మాట అనడానికి ఆమెకు కష్టంగా ఉంది. "ఇంజిన్ సంగతి కూడా అందులోనే రాస్తాను. పూర్తిగా."

"రాయండి మేడమ్. ఒక్క నిమిషం." అతను వెళ్లి ఎడమ ఇంజిన్‌కు ఎర్ర తొడుగు తొడిగాడు.

దిమ్మె దగ్గర అబ్దోన్ పది గంటల కాగితం పరుస్తున్నాడు. సెగుండో పక్కన నిలబడ్డాడు.

"కోపమా బాబాయ్?"

"ఇంకోసారి నా కాగితం ముట్టుకున్నావంటే చేతులు విరగ్గొడతా." మూడు మూలల్లో రాళ్లు పెట్టి, నాలుగోది అతని చేతికిచ్చాడు. "పెట్టు. గాలికి లేచిపోతోంది."

సెగుండో రాయి పెట్టాడు. పదకొండింటికి కూడా కాగితం తెల్లగానే ఉంది. విమానం మాత్రం అక్కణ్ణుంచి కదల్లేదు.