పోస్టరు మీద మూడో మాట

తెల్లారేసరికి రెండొందల పోస్టర్లూ గోడలెక్కేశాయి. అందులో నలభై ఒకే ఇంటి చుట్టూ పడ్డాయి. అంటించేవాళ్ళు తికమకపడకుండా, అచ్చు ప్రెస్సు నడిపే ప్రెస్సమ్మ తనే కాగితం మీద గీత గీసి మరీ చూపించింది. గేటు పక్క గోడ, ఎదురుగా కరెంటు స్తంభం, వీధి మలుపు, పాలబూత్. ఆ ఇల్లు ఆమె సొంత అన్నయ్యది.

ఇప్పుడు ప్రెస్సులో తీరిగ్గా కూర్చుని టీ తాగుతోంది. నాలుగేళ్ళుగా తాగుతున్న టీయే, ఇవాళ ఇంత రుచిగా ఉందేమిటా అనుకుంది.

సాయంత్రం ఆరింటికి ఆమె కూతురు తీసిన మొదటి పెద్ద సినిమా, టిక్కెట్లు కొనుక్కుని వచ్చే జనం ముందు, అసలు సిసలు హాల్లో వేస్తున్నారు. పోయిన నెల దానికి బహుమతి వచ్చినప్పటి నుంచి ఇంట్లో ఎవరికీ కాళ్ళు నేల మీద ఆనడం లేదు. తండ్రి కూతుర్ని "డైరెక్టరు గారూ" అని తప్ప పిలవడం లేదు. బిల్లు పుస్తకాలు అచ్చేయించుకోవడానికి వచ్చినవాళ్ళు కూడా బహుమతి ఫొటో చూడకుండా గుమ్మం దాటలేరు.

పోస్టరు మీద మూడు మెప్పులు వేసింది ప్రెస్సమ్మ. "చాలా కాలానికి చూసిన నిజాయితీ గల సినిమా" అన్నది న్యాయనిర్ణేత మాట. "కొత్త చూపు" అన్నది పత్రిక మాట. మూడోది మాత్రం వాటికి రెట్టింపు అక్షరాల్లో, ఎర్ర సిరాతో ఉంది. "ఈ పిల్ల చేతికి కెమెరా ఇవ్వడం శుద్ధ దండగ!" కింద సంతకంలా, "స్వయానా మేనమామ".

ఆ మాట ఆయన అన్నదే. నాలుగేళ్ళ క్రితం, ఆయన హెడ్మాస్టరుగా ఉన్న బడి వార్షికోత్సవంలో పిల్ల తీసిన పది నిమిషాల సినిమా వేశారు. మూడో నిమిషంలో ఆయన లేచి వెళ్ళి వైరు పీకేసి ఆ మాటన్నాడు. మైకు చేతిలోనే ఉంది కాబట్టి మూడొందల మందీ విన్నారు, నవ్వారు. ఆ నవ్వులు ప్రెస్సమ్మ చెవుల్లో ఇంకా గింగురుమంటూనే ఉన్నాయి.

కూతురు చెప్పులైనా విప్పకుండా లోపలికొచ్చింది. ఫోన్లో ఎవరో పంపిన పోస్టరు ఫొటో ఉంది.

"అమ్మా, ఏంటిది?"

"బాగా పడింది కదూ? ఎరుపు కాస్త ఎక్కువైందంటావా?"

"నాన్నా, నువ్వు చూడలేదా?"

పాపం, ఆయన చూశాడు. అదే తమాషా. అచ్చుతప్పులు దొరకాలంటే చివరి మాట నుంచి మొదటి మాటకి, వెనక నుంచి చదవాలని ఆయనకి పని నేర్పినాయన చెప్పాడు. అర్థం తలకెక్కితే కన్ను తప్పుని దాటేస్తుందట. ముప్పై ఏళ్ళుగా అలాగే చదువుతున్నాడు. "దండగ శుద్ధ ఇవ్వడం కెమెరా" అని చదువుకుని, అక్షరాలన్నీ సరిగ్గానే ఉన్నాయని సంతకం పెట్టేశాడు. మొగుడి సంగతి తెలుసు కాబట్టే ప్రెస్సమ్మ ఆ ప్రూఫు ఆయనకిచ్చింది.

"అందులో తప్పుల్లేవమ్మా," అన్నాడు ఆయన నీరసంగా.

అంతలో గుమ్మంలో అలికిడైంది. అన్నయ్య. చేతిలో సగం చిరిగిన పోస్టరు, మోచేతుల దాకా జిగురు.

"రా అన్నయ్యా, రా! నాలుగేళ్ళకి మా గుమ్మం గుర్తొచ్చిందా?"

"పాలకి వెళ్తే బూత్ అతను నన్నూ పోస్టరునీ మార్చి మార్చి చూశాడే."

"చూడనీ. నా బిడ్డని మూడొందల మంది చూశారు. నేను వేయించినవి రెండొందలే. ఇంకా జాలిపడ్డాను! అనలేదని చెప్పు, ఇప్పుడే పీకించేస్తా."

"అన్నాను. తప్పే అన్నాను. వద్దామనుకున్న ప్రతిసారీ మొహం చెల్లలేదు."

"బహుమతి రాగానే చెల్లిందేం?"

"బహుమతి వచ్చాక అసలే చెల్లలేదు. ఇదిగో, ఇది లాక్కొచ్చింది."

ప్రెస్సమ్మకి ఒళ్ళు మండింది. ఎదురు తిరిగితే కడిగి పారేద్దామనుకుంది కానీ, ఇలా తలొంచుకుని నిలబడితే ఎలా? "సాయంత్రం మొదటి వరసలో కూర్చో. జనం నిన్ను చూసి నవ్వాలి. అప్పుడుగానీ నా కడుపు మంట చల్లారదు."

"అయితే నేను రాను," అంది కూతురు. "ఈ పోస్టర్లు గోడల మీద ఉన్నంతసేపు ఆ హాల్లో అడుగు పెట్టను."

"నీ కోసమే కదే ఇదంతా!"

"నా కోసమా? మావయ్య మాట వారం రోజులు ఏడ్చి మర్చిపోయేదాన్నమ్మా. ఆ రోజు ఇంటికొచ్చాక పరువు తీశావని నా కెమెరా లాక్కుని, కాగితాల బీరువాలో పెట్టి తాళం వేసిందెవరు? పద్నాలుగు నెలలు! మొదట్లో రోజూ అడిగాను. తర్వాత అడగడం మానేశాను. మావయ్య ఒక్క మాటన్నాడు. దాన్ని నిజం చేయబోయింది నువ్వు."

ప్రెస్సమ్మ మొగుడి వైపు చూసింది. ఆయన తల దించుకున్నాడు. ఆ రోజుల్లో ఆయన రెండుసార్లు తాళంచెవి అడిగాడు, రెండుసార్లూ తిట్లు తిన్నాడు.

నాలుగేళ్ళుగా అన్నయ్యని తిట్టుకున్నప్పుడల్లా ఆమెకి ప్రాణం హాయిగా ఉండేది. ఎందుకో ఇప్పుడు తెలిసింది. తిట్టడానికి ఆయనున్నంత కాలం తన వైపు చూసుకోవలసిన పని లేకపోయింది. కళ్ళలో గిర్రున నీళ్ళు తిరిగాయి. బకెట్టూ, గోకే రేకూ తీసుకుని వీధిలోకి నడిచింది. చేతులు కడుక్కోకుండానే అన్నయ్య ఆమె వెంట వెళ్ళాడు.

పాలబూత్ దగ్గర జనం మూగారు. "అదేంటమ్మా, పొద్దునే అంటించి అప్పుడే పీకేస్తున్నారు? తప్పు పడిందా?" అన్నాడు బూత్ అతను.

"పేరు తప్పు పడింది. అక్కడ మా అన్నయ్యని కాదు, నన్ను వెయ్యాలి," అంది ప్రెస్సమ్మ, అందరికీ వినపడేలా. "నా కూతురి కెమెరాకి తాళం వేసింది నేనే."

"ఊరుకోవే, నలుగురూ వింటున్నారు," అన్నాడు అన్నయ్య.

"విననీ. నీ మాట మాత్రం వినలేదూ?" అంటూ గోడకేసి తిరిగి వెక్కి వెక్కి ఏడ్చింది. కాగితం సగంలో చిరిగింది. మిగతా సగం గోళ్ళతో గీకుతుంటే పక్క నుంచి ఇంకో తడిచెయ్యి వచ్చి అంచు పట్టుకుంది. కూతురు.

"మెల్లిగా లాగమ్మా," అంది. "ఆరింటిలోగా ఇంకా చాలా ఉన్నాయి."