రెండు తడితే వెళ్ళమని

ఎల్లారావు మెడ తిరగదు. రేవులో కళాసీ పని చేస్తుండగా ఎరువు బస్తా మీద పడ్డ రోజు నుంచీ అంతే. ప్రాణం దక్కింది గానీ మెడ బిగుసుకుపోయింది. పక్కనుంచి ఎవరైనా పిలిస్తే ఎడ్లబండి తిరిగినట్టు మనిషి మొత్తం తిరగాలి. నేల మీద ఉన్నంతసేపు ఫరవాలేదు, సైకిలు ఎక్కితేనే తంటా.

సైకిలు తొక్కేవాళ్ళంతా చేసే పని ఒకటుంది. చేస్తున్నామని వాళ్ళకే తెలీదు. రోడ్డు అవతలికి మళ్ళే ముందు కుడి భుజం మీదుగా చటుక్కున వెనక్కి ఒక చూపు విసురుతారు. రెప్పపాటు పని. ఆ రెప్పపాటే ఎల్లారావుకి లేకుండా పోయింది. అతని ఇల్లేమో గాజువాక ఇవతల, పెద్దరోడ్డు నుంచి కుడివైపు చీలే మట్టిదారిలో ఉంది. అవి ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజులు. ఇనుప చువ్వలు వేసుకుని లారీలు రేయింబవళ్ళు ఒకదాని వెనక ఒకటి పోతుండేవి. వాటిలో సగానికి దీపాలుండవు, మిగతా సగానికి బ్రేకులుండవు అని జనం చెప్పుకునేవారు.

ఆ చూపు లోటు అతని పెళ్ళాం నూకాలు తీర్చింది. ఆమె రేవు గేటు దగ్గర ఇడ్లీలు అమ్మేది. పోయినా వచ్చినా అతని సైకిలు క్యారియర్ మీదే. లారీల మోతలో మాట వినపడదని ఇద్దరూ ఒక పద్ధతి పెట్టుకున్నారు. వెనక బండి వస్తుంటే ఆమె అతని వీపు మీద అరచేత్తో ఒకసారి తడుతుంది. దారి ఖాళీగా ఉంటే రెండుసార్లు.

"ఒకటంటే ఆగు, రెండంటే ఎల్లు. అంతకు మించి లెక్కలు నాకు రావు మావా," అని నవ్వేది.

ఏళ్ళ తరబడి ఒక్కనాడూ ఆ చెయ్యి తప్పు చెప్పలేదు. లోకంలో మొగుళ్ళు పెళ్ళాం మాట వింటారో లేదో గానీ, ఎల్లారావు మాత్రం పెళ్ళాం చెయ్యి వినేవాడు.

ఒక వానాకాలం నూకాలుకి పచ్చకామెర్లు వచ్చాయి. పసరు పోయించారు, ఆసుపత్రిలో చూపించారు. ఏదీ పనిచెయ్యలేదు. నూకాలు పోయింది.

ఆ తర్వాత అతను మలుపు దగ్గర సైకిలు దిగి, మనిషి మొత్తం తిరిగి చూసి, నడిపించుకుంటూ రోడ్డు దాటేవాడు. వీధి మొగలో సైకిలు షాపు పెట్టుకున్న జ్ఞానదాసు అది చూడలేకపోయాడు. "ఇలా ఎన్నాళ్ళు దిగి నడుత్తావు బావా? అద్దం బిగించేత్తాను, మోటారు సైకిల్లాగ," అని హ్యాండిల్‌కి గుండ్రటి అద్దం బిగించాడు. వారం తిరక్కుండానే ఎల్లారావు దాన్ని ఊడదీసి తెచ్చి షాపు బల్ల మీద పెట్టాడు.

"ఏటి బావా, సరిగ్గా అగుపించలేదా?"

"శుభ్రంగా అగుపిస్తంది. అందుకే వద్దు," అన్నాడు ఎల్లారావు. ఆ అద్దంలో రోడ్డు కంటే ముందు ఖాళీ క్యారియర్ కనిపించేది. దాన్ని దారి పొడుగునా చూడ్డం అతని వల్ల కాలేదు.

ఒకరోజు చీకటి పడేవేళ సన్నగా తుంపర పడుతోంది. ఇంటికెళ్ళి పొయ్యి వెలిగించాలా, నిన్నటి గంజి తాగి పడుకోవాలా అని ఆలోచిస్తూ ఎల్లారావు మలుపు దగ్గర దిగడం మరిచిపోయాడు. పాత అలవాటుగా హ్యాండిల్ కుడికి తిప్పబోయాడు.

వీపు మీద ఒక తట్టు పడింది.

కాలు దానంతటదే నేలకి ఆనింది. ఆ క్షణంలోనే దీపాల్లేని లారీ ఒకటి అతని మోచేతిని రాసుకుంటూ పోయింది. తడిసిన ఇనుము వాసన, డీజిలు వాసన మొహాన కొట్టాయి. ఆ మోత దూరమయ్యాక, వీపు మీద మళ్ళీ... ఒకటి. రెండు.

అతను దాటాడు. దెయ్యమంటే భయపడాలని ఎవరు చెప్పారో గానీ, ఎల్లారావుకి భయం వెయ్యలేదు. చాలా రోజుల తర్వాత ఆ రాత్రే పొయ్యి వెలిగించి, వేడన్నం వండుకుని, ఏడుస్తూ కడుపునిండా తిన్నాడు.

అప్పట్నుంచి రోజూ ఆ చెయ్యి వచ్చేది. అతను ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. క్యారియర్ మీద ఎవర్నీ ఎక్కించుకోలేదు, బియ్యం సంచీ కూడా హ్యాండిల్‌కే తగిలించేవాడు. దారి పొడుగునా ఆమెతో కబుర్లు చెప్పేవాడు. ఒకటే బాధ. రోడ్డు మీద తోడుండే పెళ్ళాం గుమ్మం దాటి లోపలికి రాదు. సైకిలు దిగితే మళ్ళీ ఒంటరే. చీకటి ఇల్లు, ఒక్క కంచం, గోడవతల ఎవరి పిల్లలో నవ్వుకునే చప్పుడు. ఆదివారాలు పనిలేకపోయినా ఊరికే ఆ మలుపు దాకా వెళ్ళి, దాటి, తిరిగొచ్చేవాడు.

అతని అప్ప గంగాలమ్మ మద్దిలపాలెంలో ఉండేది. తమ్ముడు చిక్కి సగమైపోతున్నాడని ఆమే సంబంధం చూసింది. గౌరీశ్వరి మొగుడు పోయిన మనిషి, అక్కడి బస్సు డిపో వెనక హోటల్లో పిండి రుబ్బేది. చూడ్డానికి వెళ్ళిన రోజు ఆమె అడిగింది ఒక్కటే: "మీ ఆవిడ ఎలాటి మనిషి?" ఎల్లారావు చెబుతుంటే రుబ్బడం ఆపి మొత్తం వింది. అలా వినే మనిషి ఇంట్లో ఉంటే బాగుండునని అతనికి గట్టిగా అనిపించింది. ఒప్పుకున్నాడు.

పెళ్ళి ముందురోజు సాయంత్రం మలుపు దగ్గర, "నూకాలూ, రేపట్నించి..." అని మొదలుపెట్టాడు. ఇక రావద్దని చెప్పాలనుకున్నాడు, నోరు రాలేదు. ఇంట్లో ఒకరు, దారిలో ఒకరు ఉంటే ఏం పోయిందిలే అనుకున్నాడు. ఆశకి అంతేముంది.

పెళ్ళి గంగాలమ్మ ఇంట్లోనే జరిగింది. బయల్దేరేటప్పుడు ఆమె గౌరీశ్వరిని పక్కకి పిలిచింది. "ఆడి మెడ తిరగదమ్మా, ఎనక్కి నువ్వే సూడాల. లారీ వత్తంటే వీపు మీద ఒక్కపాలి తట్టు. ఏటీ లేకపోతే రెండు. మరిసిపోకు." గౌరీశ్వరి పాఠం అప్పజెప్పినట్టు లోలోపల అనుకుంటూ తల ఊపింది. వీపు మీద ఇదివరకే ఒక చెయ్యి ఉందని చెప్పాల్సింది ఎల్లారావు. కొత్త పెళ్ళానికి పెళ్ళినాడే ఆ మాట ఏ మొగుడు చెబుతాడు?

దారిలో చీకటి పడింది. అప్పుడే వాన వెలిసింది, కరెంటు పోయింది. తడిమట్టి వాసనలో ఆమె తల్లోని మల్లెల వాసన కలిసింది. సన్నటి మనిషే... సైకిలు మాత్రం వెనక ఇద్దరు కూర్చున్నంత బరువుగా ఉంది.

"ఏటండీ..." గౌరీశ్వరి గుసగుసగా అంది. "మీకూ నాకూ మజ్జిన ఇంత సల్లగుందేటి?"

"గాలి," అన్నాడు.

గాలి లేదు. రోడ్డు పక్క తుప్పల్లో ఆకు కదలడం లేదు.

మలుపు వచ్చింది. అతను నెమ్మది చేశాడు. ముందునుంచి మోత... వెనకనుంచీ మోత... ఏది ఎటో తెలియడం లేదు. చెయ్యి కోసం ఎదురుచూశాడు.

వీపు మీద ఒక తట్టు.

వెంటనే... ఇంకొకటి.

రెండు. హ్యాండిల్ తిప్పేశాడు.

"ఆగమన్నాను గదా!" గౌరీశ్వరి అరిచింది. హారను... తెల్లటి వెలుగు... ఇనుప చువ్వల గలగల... అతను ఎగిరి బురద గుంటలో పడ్డాడు.

ఎల్లారావుకి మోకాళ్ళు గీరుకున్నాయి, అంతే. గౌరీశ్వరిని పెద్దాసుపత్రిలో చేర్చారు. చాలా రోజులు కళ్ళు తెరవలేదు. తెరిచాక అన్న మొదటి మాట: "నాను ఒక్కపాలే తట్టినాను."

"నాకు తెలుసు," అన్నాడు.

అతనికి అప్పుడే అర్థమైంది. నూకాలు కూడా ఎప్పటిలాగే ఒక్కసారే తట్టింది. ఇద్దరూ ఆగమనే చెప్పారు, అతని వీపు మీద అది రెండైంది. పాపం నూకాలు అనుకుని వరండాలో కూర్చుని ఏడ్చాడు. తర్వాత, కళ్ళు తుడుచుకుంటుండగా, ఇంకో ఆలోచన వచ్చింది. ముందు పడ్డది ఎవరి చెయ్యి? నూకాలుదైతే సరే. ముందు పడ్డది గౌరీశ్వరిదైతే... అది చూసి కూడా నూకాలు రెండోది కొట్టి ఉంటే... ఎంత గుర్తు తెచ్చుకున్నా తేలలేదు. ఆ అనుమానంతో అతనికి నిద్ర కరువైంది.

మర్నాడు చీకటి పడే వేళకి జావ పట్టుకుని ఆసుపత్రి ఎదుట రోడ్డు ఇవతల నిలబడ్డాడు. సైకిలు లేదు, అది తుక్కైపోయింది. అవతల గేటు దీపం వెలుగుతోంది. లోపల గౌరీశ్వరి ఆకలితో ఎదురుచూస్తూ ఉంటుంది. బస్సు ఒకటి పోయింది. మనిషి మొత్తం అటూ ఇటూ తిరిగి చూద్దామనుకునేలోపే...

వీపు మీద ఒకటి. రెండు.

అతను కదల్లేదు.

"నిజంగానే ఎల్లమంటన్నావా నూకాలూ?" పెదాలు మాత్రమే కదిలాయి.

మళ్ళీ ఒకటి. రెండు. పాతరోజుల్లోలాగే, ముద్దుగా.

పక్కనున్నవాళ్ళు ఎవరో దాటుతున్నారు. జావ చల్లారిపోతోంది. ఎల్లారావు ఒక కాలు ముందుకెత్తాడు.

అప్పుడు వీపు మీద ఇంకొక్క తట్టు పడింది. బెరుగ్గా, నడుముకి దగ్గరగా, ఈమధ్యే నేర్చుకున్న మనిషి తట్టినట్టు.

అది నూకాలు చెయ్యి కాదు.