గట్టిగా మడిచిన చీటీ

బిస్కెట్ల డబ్బాలో చెయ్యి పెట్టగానే ఆ చీటీ గువ్వ వేలికి తగిలింది.

మిగతా చీటీలన్నీ మెత్తగా, వదులుగా ఉన్నాయి. ఇదొక్కటే బఠాణీ గింజంత చిన్నగా, గట్టిగా ఉంది. మడత మీద మడత వేసి, పైనుంచి పళ్ళతో నొక్కి మరీ తయారుచేసిన చీటీ అది. షాపు ముందు అంతమంది ఉన్నారు గానీ, ఆ సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకరు గువ్వ. రెండోది దాని ప్రాణస్నేహితురాలు రింగులు.

"తియ్యమ్మా తల్లీ! ఎంతసేపు కలుపుతావ్, రొట్టెలకు పిండి కలుపుతున్నావా?" అన్నారు వెనకనుంచి ఎవరో.

అందరూ నవ్వారు. గువ్వ మాత్రం నవ్వలేదు.

ఇంతకీ ఈ డబ్బా గోలేమిటో మీకు చెప్పాలి కదూ? చెప్తాను.

గువ్వ వాళ్ళ నాన్నకు కంప్యూటర్ల షాపు ఉంది. పాడైనవి బాగుచేస్తాడు, కొత్త విడిభాగాలు అమ్ముతాడు. ఆ ఏడాది బజారులోకి కొత్త రకం గ్రాఫిక్స్ కార్డులు వచ్చాయి. కంప్యూటర్‌లో బొమ్మలు తయారుచేసి తెర మీద కదిలించేది ఆ కార్డే. చూడ్డానికి రెండు ఫ్యాన్లు బిగించిన టిఫిన్ డబ్బాలా ఉంటుంది. అది లేకపోతే గేముల్లో కార్లు పరిగెత్తవు, సినిమాల్లో డైనోసార్లు గెంతవు. కొత్త కార్డు పాతవాటికంటే బాగా వేగంగా పనిచేస్తుందని పేరు రావడంతో జనం దాని కోసం కాళ్ళకు బలపం కట్టుకుని షాపులన్నీ తిరగడం మొదలుపెట్టారు. కార్డులు మాత్రం దొరకడం లేదు.

"ఎందుకు దొరకట్లేదు నాన్నా?" అని గువ్వ ఒకసారి అడిగింది.

"దాని లోపల గోరంత చిప్పు ఒకటి ఉంటుంది. అది చెయ్యగల ఫ్యాక్టరీలు చాలా తక్కువ. అడిగేవాళ్ళేమో లక్షల మంది. పైగా కొందరు వందలకు వందలు కొని దాచేసుకుని, తర్వాత రెట్టింపుకి అమ్ముకుంటున్నారు. మనలాంటి చిన్న షాపుకి నెలకొకటి వస్తే అదే గొప్ప," అన్నాడు నాన్న.

నెలకొక కార్డు. కావాలనేవాళ్ళు నలభై మంది. మొదట్లో నాన్న ముందొచ్చినవాళ్ళకే ఇచ్చాడు. దాంతో తెల్లారేసరికి షట్టర్ ముందు తోపులాట. ఒకాయన కళ్ళజోడు విరిగింది, ఇంకొకాయన చెప్పు ఊడిపోయి డ్రైనేజీలో పడింది. ఇక లాభం లేదని నాన్న చీటీలు పెట్టాడు. ఎవరి పేరు వాళ్ళు రాసి, మడిచి, డబ్బాలో వెయ్యాలి. నెలలో మొదటి ఆదివారం ఒక్క చీటీ తీస్తారు. అందులో ఎవరి పేరుంటే ఆ నెల కార్డు వాళ్ళకే అమ్ముతాడు.

మరి తీసేదెవరు? నాన్న తీస్తే తనకు కావలసినవాళ్ళదే తీశాడంటారు.

"మీ పాప చేత తీయించండి సార్. చిన్నపిల్ల, దానికేం తెలుసు?" అన్నారు అందరూ.

అలా వచ్చింది గువ్వకు ఆ ఉద్యోగం. పదేళ్ళ పిల్లకు అంతమంది పెద్దవాళ్ళు దారి ఇచ్చి పక్కకు జరుగుతుంటే ఎంత గొప్పగా ఉంటుందో మీరే ఊహించుకోండి. కళ్ళు గట్టిగా మూసుకుని, మొహం అటు తిప్పుకుని మరీ తీసేది. మూడు నెలల్లో ఒక్కరంటే ఒక్కరు వంక పెట్టలేదు.

నాలుగో నెలలో రింగులు వచ్చి పడింది. రింగురింగుల జుట్టు కాబట్టి దానికి ఆ పేరు. బడిలో గువ్వ పక్కనే కూర్చుంటుంది.

"ఈసారి మా అన్నయ్య కూడా చీటీ వేస్తున్నాడు. నువ్వు వాడిదే తియ్యాలి," అంది రింగులు.

"కళ్ళు మూసుకుంటానుగా. ఎలా తీస్తాను?"

"చీటీ నేనే మడుస్తాను, రాయిలాగా. నీ వేలికి తెలిసిపోతుంది. కార్డు వస్తే రోజూ సాయంత్రం మా ఇంట్లో నిన్ను ఆడనిస్తాడట. మాటిచ్చాడు."

"అమ్మో! తప్పు కదే!"

"తప్పేముంది? ఎవరో ఒకరికి రావాల్సిందేగా? నువ్వు తియ్యకపోతే కటీఫ్. బెంచీ కూడా మారిపోతాను, చూస్కో!"

గువ్వ రెండు రోజులు ఆలోచించింది. రింగులు లేకుండా బడి ఎలా ఉంటుందో ఊహించుకుంటేనే దానికి ఏడుపొచ్చింది. అయినా ఎవరికో ఒకరికి ఎలాగూ వస్తుంది కదా. ఆ ఒకరు రింగులు వాళ్ళన్నయ్య అయితే కొంపలేమన్నా మునుగుతాయా?

అలా తనకు తాను సర్దిచెప్పుకునే ఆ ఆదివారం డబ్బాలో చెయ్యి పెట్టింది. గట్టి చీటీని పట్టుకుంది. బయటికి తీసింది.

"ఇదేం మడతరా బాబూ!" అంటూ నాన్న గోళ్ళతో విప్పి పేరు చదివాడు. రింగులు వాళ్ళన్నయ్య ఒక్క గెంతు గెంతాడు.

"నక్క తోక తొక్కొచ్చావయ్యా!" అని పక్కనున్నాయన వాడి వీపు తట్టాడు. ఒకళ్ళిద్దరు చప్పట్లు కొట్టారు. మిగతావాళ్ళు ఉసూరుమంటూ ఇళ్ళకు బయల్దేరారు.

చివరిదాకా ఆగింది బొమ్మలక్క ఒక్కతే. ఆమె పక్క వీధిలో ఉంటుంది. కంప్యూటర్‌లో కదిలే బొమ్మలు చెయ్యడం ఆమె పని. ఐదు నెలల కిందట ఆమె పాత కార్డు కాలిపోయింది. చీటీలు మొదలైనప్పట్నుంచీ ప్రతి నెలా వేస్తూనే ఉంది.

"ఈసారీ నాది కాదన్నమాట," అని నవ్వబోయింది బొమ్మలక్క. నవ్వు సరిగ్గా రాలేదు. గువ్వ బుగ్గ పట్టుకుని, "నువ్వేం చేస్తావులే బంగారం, నా రాత అలా ఉంది," అంది.

ఆ చెయ్యి బుగ్గ మీద ఉన్నంతసేపూ గువ్వ నేలకేసి చూస్తూ నిలబడింది.

మర్నాడు సాయంత్రం ఎగురుకుంటూ రింగులు వాళ్ళింటికి వెళ్ళింది. రింగులు మెట్ల మీద మూతి ముడుచుకుని కూర్చుని ఉంది.

"కార్డు లేదు. అన్నయ్య నిన్ననే అమ్మేశాడు. ఎవరో రెట్టింపు ఇస్తామన్నారట."

"మరి మన ఆట?"

"ఆటా లేదు, ఏమీ లేదు. వాడికి మొదట్నుంచీ అమ్మాలనే ఉందట. నాతో చెప్పలేదు."

ఇద్దరూ చాలాసేపు ఆ మెట్ల మీదే కూర్చున్నారు. గువ్వకు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా తెలియలేదు.

మూడు వారాలు గడిచాయి. బొమ్మలక్క బాగుచెయ్యమని ఇచ్చిన కీబోర్డు తయారైంది. "వెళ్ళి ఇచ్చిరా," అని నాన్న గువ్వను పంపించాడు.

బొమ్మలక్క గదిలో కంప్యూటర్ తెర మీద గుడ్డ కప్పి ఉంది. గోడల నిండా కాగితాలు. వాటి నిండా చేతులు. ముడిచిన చేతులు, విప్పిన చేతులు, వేలు చూపిస్తున్న చేతులు. అక్క కింద కూర్చుని పెన్సిల్‌తో ఇంకో చెయ్యి గీస్తోంది.

"ఇన్ని చేతులెందుకక్కా?"

"చెవులు వినపడని పిల్లల బడి ఉంది కదా, వాళ్ళ పాఠాలివి. ఆ పిల్లలు సైగలతో మాట్లాడుకుంటారు. తెర మీద చెయ్యి కదులుతుంటే చూసి నేర్చుకోవాలి. పన్నెండు పాఠాలు చెయ్యమన్నారు. కార్డు కాలిపోయేలోపు రెండే అయ్యాయి."

"మిగతా పది?"

"మొన్న ఇరవయ్యో తారీఖుతో గడువు అయిపోయింది. ఇక ఈ ఏడాదికి వద్దన్నారు. సరే, ఒక్క పాఠమైనా కాగితం మీద చేసిద్దామని కూర్చున్నాను. ఒక్కో సైగకు ఇరవై కాగితాలు పడుతున్నాయి. ఇదిగో చూడు."

అక్క ఒక కాగితాల కట్ట తీసి బొటనవేలితో గబగబా తిప్పింది. బొమ్మలోని చెయ్యి పైనుంచి కిందికి దిగింది. వేళ్ళు చినుకుల్లా కదిలాయి.

"వాన!" అని గువ్వ ఎగిరి గంతేసింది. మరుక్షణం దాని మొహం వాడిపోయింది. "అక్కా, మొన్న ఆ కార్డు నీకొచ్చుంటే?"

"వచ్చుంటే తిండీ నిద్రా మానేసి అయినా పూర్తిచేసేదాన్ని. అన్నీ అయిపోయేవి." అక్క మళ్ళీ పెన్సిల్ అందుకుంది. "అయినా చీటీ కదమ్మా. చీటీ మీద ఎవరైనా కోపం తెచ్చుకుంటారా?"

గువ్వ కీబోర్డు అక్కడ పెట్టేసి పరుగెత్తుకుంటూ ఇంటికొచ్చింది. రాత్రి అన్నం కెలుకుతూ కూర్చుంది.

"ఏమైందే, వేళ్ళతో ముగ్గులేస్తున్నావ్?" అంది అమ్మ.

"కడుపునొప్పి," అంది గువ్వ. చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచింది. రెండుసార్లూ నీళ్ళు తాగి ఊరుకుంది.

మళ్ళీ మొదటి ఆదివారం వచ్చింది. షాపు ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. బొమ్మలక్క కూడా వచ్చింది. నాన్న డబ్బా ఊపి గువ్వ ముందు పెట్టాడు.

గువ్వ రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది.

"నేను తియ్యను నాన్నా."

"ఏమ్మా, చెయ్యి నొప్పా?"

"కాదు. పోయిన నెల నేను..." ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టింది. "పోయిన నెల చీటీ గట్టిగా మడిచి ఉంది. ఎవరిదో నాకు ముందే తెలుసు. కావాలనే తీశాను."

అందరూ ఒకేసారి మాట్లాడారు.

"అంటే ఇన్నాళ్ళూ ఇదా జరుగుతున్నది?"

"చిన్నపిల్ల కదా అని నమ్మితే ఎంత పని చేసింది!"

"పిల్లనేం అంటాంలెండి. ఇంట్లో పెద్దవాళ్ళకు తెలియకుండానే జరిగిందంటారా?"

ఆ మాటకు నాన్నకు తల తీసేసినట్టయింది. ఎవరైనా కాలిపోయిన కార్డు తెచ్చి మంచిదని చెప్పి అమ్ముకోమన్నా ఒప్పుకోని మనిషి. ఆయన మొహం చూడగానే గువ్వ బావురుమంది.

"నాన్నకు తెలీదు! ఒట్టు! ఒక్కసారే తీశాను, నేనే తీశాను!"

నాన్న దాన్ని దగ్గరకు తీసుకోలేదు. తిట్టనూ లేదు. జనం వైపు తిరిగి చేతులు జోడించాడు.

"తప్పు నా షాపులో జరిగింది. మీరందరూ నన్ను క్షమించాలి. పోయిన నెల మోసపోయినవాళ్ళకు ఈ కార్డు ఇచ్చేస్తాను. ఎవరికివ్వాలో మీరే చెప్పండి."

"నాకే వచ్చేదేమో!" అన్నాడు ముందున్న కుర్రాడు.

"ఏమో, నాకే వచ్చేదేమో," అంది ఒక ముసలావిడ.

"నాకూ రావచ్చుగా?" అన్నాడు ఒక టీచరు.

గువ్వ ఏడుపు ఆపి ఒక్కొక్కరినీ చూసింది. ఇన్నాళ్ళూ బొమ్మలక్క ఒక్కతికే అన్యాయం చేశాననుకుంది. ఆ చీటీ తియ్యకపోయి ఉంటే కార్డు ఎవరికి వచ్చేదో ఇక ఎప్పటికీ ఎవరికీ తెలియదు. తను ఎవరి దగ్గర్నుంచి లాక్కుందో కూడా తెలియదు. ఎవరికని తిరిగి ఇస్తుంది?

చివరికి పాత చీటీలన్నీ పారబోశారు. నాన్న ఒకే కొలతకు కాగితాలు కత్తిరించాడు. అందరూ ఒక్క మడతే వేశారు. వెనక నిలబడ్డ బస్సు డ్రైవరు వచ్చి, చొక్కా చేతులు పైకి మడిచి, అందరికీ అరచెయ్యి చూపించి చీటీ తీశాడు. కార్డు కాలేజీలో చదివే ఒక అమ్మాయికి వచ్చింది.

బొమ్మలక్క సంచీ భుజానికి తగిలించుకుని బయల్దేరింది. గువ్వ ఆమె వెనకే వీధి మలుపుదాకా వెళ్ళింది.

"అక్కా, కోపం వచ్చిందా?"

"వచ్చింది."

"చాలానా?"

"చాలా," అంది బొమ్మలక్క. ఈసారి బుగ్గ పట్టుకోలేదు.

"నేను రేపొచ్చి నీ కాగితాలకు నంబర్లు వెయ్యనా?"

అక్క రోడ్డు మీద పోయే సైకిళ్ళను చూసింది. "వరస తప్పకూడదు. ఒక్కటి తప్పినా చెయ్యి వెనక్కి కదులుతుంది. ఆ పిల్లలకు అర్థం కాదు," అంది.

"తప్పను."

మర్నాడు బడి వదలగానే గువ్వ ఆ ఇంటికి వెళ్ళింది. అక్క తలుపు తీసింది గానీ నవ్వలేదు. కాగితాల దొంతర, పెన్సిల్ ఇచ్చి, తన పని తాను చూసుకుంది. గువ్వ ప్రతి కాగితం మూలన నంబరు వేసుకుంటూ పోయింది. యాభై, అరవై, డెబ్భై. తొంభై నాలుగు దగ్గర ఎందుకో అనుమానం వచ్చి వెనక్కి తిప్పి చూసుకుంది. అరవై మూడు రెండు కాగితాల మీద ఉంది. అక్కణ్ణుంచి అన్నీ తప్పే.

అక్క తల ఎత్తలేదు. ఆమె ఇటు చూడనే లేదు.

"అక్కా, అరవై మూడు రెండుసార్లు వేసేశాను," అంది గువ్వ. "రబ్బరు ఉందా?"