ప్రకటన లేని వెనక అట్ట

"తుపాకుల పత్రికలకి ఇంకా ఒక ఉపయోగం మిగిలే ఉంది మిత్రులారా. అడవిలో కట్టెలు తడిసి అంటుకోనప్పుడు ఇవి బ్రహ్మాండంగా పనికొస్తాయి."

ఫోన్ కెమెరాలోకి చూస్తూ, తుపాకుల మీద వీడియోలు చేసే వెస్లీ ప్రూయిట్ ఈ మాట అన్నప్పుడు అతని చేతిలో ఒక పత్రిక, వెనక పత్రికల అర ఉన్నాయి. మోంటానా కొండల్లోని కోల్డ్‌వాటర్ ఊళ్ళో డోరీ అనే ఆవిడ నడిపే వేట సామాన్ల దుకాణం అది. బయట సెప్టెంబరు వాన అద్దాల మీద దరువు వేస్తోంది.

"ఆ చేతిలోది కాల్చేముందు మధ్య పేజీలు చింపి ఇటివ్వండి. అవి నేను రాశాను," అంది ఒక ఆడగొంతు.

వెస్లీ వెనక్కి తిరిగాడు. గోధుమరంగు జడ, ముక్కు మీద చిన్న చిన్న మచ్చలు, నీళ్ళు కారుతున్న రెయిన్ కోటు, చంకలో తూటాల పెట్టె. ఆ అమ్మాయి నవ్వుతోందో గురి చూస్తోందో అతనికి అర్థం కాలేదు.

"రికార్డవుతోంది," అన్నాడు హెచ్చరికగా.

"తెలుసు. అందుకే నిదానంగా మాట్లాడుతున్నాను. నా పేరు మారిట్ సోల్‌బర్గ్. 'హైరిడ్జ్' పత్రిక మా తాతయ్యది."

"అయితే ఒక్క ప్రశ్న. మీ పత్రిక బాగాలేదని రాసిన రైఫిల్ ఒక్కటి చూపిస్తారా? ముందు పేజీల్లో పొగడ్త, వెనక అట్ట మీద అదే కంపెనీ ప్రకటన. ఇంకెవరు చదువుతారండీ వీటిని?"

ఆమె రెండు క్షణాలు ఆలోచించింది. "మంచి ప్రశ్నే. మరి మీరు బాగాలేదని చెప్పిన రైఫిల్ ఒక్కటి చూపించండి. ముందు ఆ టోపీ తీసి."

వెస్లీ చెయ్యి అప్రయత్నంగా నెత్తి మీదికి వెళ్ళింది. టోపీ మీద బ్రెన్‌విక్ కంపెనీ గుర్తు తళతళలాడుతోంది.

కౌంటర్ వెనక డోరీ పగలబడి నవ్వింది. "బ్రెన్‌విక్ కొత్త రైఫిల్ ఇద్దరి దగ్గరా ఉందిగా. ఈ అబ్బాయి ఎలాగూ వీడియో పెట్టేశాడు. నువ్వింకా పరీక్షిస్తున్నావు. వెళ్ళి ఎవరి మాట నిలబడుతుందో తేల్చుకోండి. ఇక్కడ మాత్రం కాదు, నా గిరాకీ పోతుంది."

అలా మొదలైంది.

మర్నాడు ఊరి చివర ఫైరింగ్ రేంజికి వెళ్ళిన వెస్లీకి కనిపించిన దృశ్యం ఇది: కొత్త రైఫిల్ బురదలో పడి ఉంది. మారిట్ పక్కనే స్టూలు వేసుకుని ఫ్లాస్కులోంచి కాఫీ తాగుతోంది.

"జారి పడిందా?"

"పడేశాను."

"దాని మీద మీకేమైనా పాత పగా?"

"వేటగాడు జారితే వాడి రైఫిలూ బురదలోనే పడుతుంది. మీరు ఎండలో, బల్ల మీద పెట్టి కాల్చారు. చూశాను. మీ జుట్టు మాత్రం చాలా బాగా వచ్చింది ఆ వీడియోలో."

వెస్లీకి కోపం రావాలి. రాలేదు. అతను ఇంకో స్టూలు తెచ్చుకున్నాడు.

ఆ తర్వాత ఏదో ఒక వంక దొరుకుతూనే ఉంది. ఒకరోజు గొడుగు పట్టడానికి, ఒకరోజు గురిబోర్డు మార్చడానికి, ఒకరోజు పూర్తిగా ఏ వంకా లేకుండా. ఎప్పుడో ఒక వాన సాయంత్రం 'మీరు' పోయి 'నువ్వు' వచ్చేసింది. ఎవరు ముందు అన్నారో ఇద్దరికీ గుర్తులేదు.

అతను హైరిడ్జ్ పాత సంచికలు ఇంటికి పట్టుకెళ్ళాడు, తప్పులు వెతుకుదామని. మారిట్ రాసిన ఒక వ్యాసం దగ్గర ఆగిపోయాడు. దూరాన ఉన్న దుప్పిని కాల్చగలిగీ, గాలి వాటం నమ్మకంగా తెలియక, రైఫిల్ దించేసి ఖాళీ చేతులతో ఇంటికొచ్చిన రోజు గురించి రాసిందామె. కాల్చకపోవడం గురించి రెండు పేజీలు. అతని కాఫీ చల్లారిపోయింది.

"అది వీడియోలో అయితే నేను కత్తిరించేసేవాణ్ణి. ఏమీ జరగలేదుగా," అన్నాడు మర్నాడు.

"మరి?"

"రెండుసార్లు చదివాను."

మారిట్ తల వంచుకుని రైఫిల్ బోల్టు తుడవడం మొదలుపెట్టింది. అది అప్పటికే శుభ్రంగా ఉంది.

సెప్టెంబరు చివర్లో చలి ముదిరింది. సాయంత్రం వానలో వదిలేసిన రైఫిల్ పొద్దుటికి మంచు పట్టి ఉంది. మారిట్ దాన్ని తూటా లేకుండా భుజానికి ఎత్తుకుని, వేలు ట్రిగ్గర్‌కి దూరంగా పెట్టి, పొరపాటున పేలకుండా ఆపే సేఫ్టీ మీటని ముందుకు జరిపింది.

టిక్.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ట్రిగ్గర్ ఎవరూ ముట్టుకోలేదు.

ఆమె ఒక తూటా పెట్టి, ఎదుటి మట్టికట్టకు గురిపెట్టి, మళ్ళీ సేఫ్టీ జరిపింది. రైఫిల్ పేలింది. కట్ట మీంచి మట్టి ఎగిసింది.

"లోపలికి నీళ్ళు చేరి గడ్డకడితే ట్రిగ్గర్ తన చోటికి తిరిగి రావడం లేదు," అంది మారిట్. "సేఫ్టీ తీయగానే పేలుతోంది. వెస్లీ, నెల తిరక్కుండా వేట మొదలవుతుంది. మంచులో, పక్కన మనుషులుండగా."

ఆ రైఫిల్ని మెచ్చుకుంటూ వెస్లీ పెట్టిన వీడియో ఊళ్ళో సగంమంది చూశారు.

"నేను వెళ్ళాలి," అని మాత్రం అన్నాడు.

రెండు రోజులు అతని జాడ లేదు. ఫోన్ ఎత్తలేదు. ఆ వీడియో మాత్రం అలాగే ఉంది, టోపీతో, తళతళలాడే గుర్తుతో సహా. మారిట్ దాన్ని ఒకసారి చూసి, ఫోన్ బోర్లించి, వ్యాసం రాయడానికి కూర్చుంది.

మూడోనాడు వెస్లీ హైరిడ్జ్ ఆఫీసు తలుపు తోశాడు. మారిట్ తాత ఆర్నె సోల్‌బర్గ్ కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. తెల్ల గడ్డం, తోలు చొక్కా. ఆయన ఎదుట బల్ల మీద కొత్త సంచిక ప్రూఫులు.

"ఓహో, బతికే ఉన్నావన్నమాట," అంది మారిట్. "మీ కంపెనీవాళ్ళు కొత్త టోపీ పంపారా?"

"నా రైఫిల్ తెచ్చాను."

"ఎందుకు?"

"రెండు రోజులు వానలో పెట్టాను, గడ్డకట్టనిచ్చాను. ఈ పొద్దున పేలింది. నీది మాత్రమే కాదు, నాదీ అంతే. చెడిపోయింది ఒక్క రైఫిల్ కాదు."

ఆమె గొంతు తగ్గింది. "నా మాట నమ్మలేదా?"

"నమ్మాను. కానీ నేను జనానికి చెప్పేటప్పుడు నా కళ్ళతో చూసింది చెప్పాలనుకున్నాను. అది నీ దగ్గరే నేర్చుకున్నాను. పాత వీడియో తీసెయ్యలేదు, నిజమే. దాన్నే కొత్త వీడియోలో ముందు చూపించి, ఇక్కడ నేను తెలియకుండా వాగాను అని చెప్పబోతున్నాను. ఫోన్ ఎత్తకపోవడం మాత్రం నా తెలివితక్కువతనం."

"అది నిజం," అంది మారిట్. కానీ ఒక కుర్చీ అతని వైపు జరిపింది.

అప్పుడే బల్ల మీద ఫోన్ మోగింది. ఆర్నె స్పీకర్ నొక్కాడు. బ్రెన్‌విక్ ప్రకటనల మనిషి ఫెల్టన్.

"సోల్‌బర్గ్ గారూ, మీ మనవరాలు మా ఇంజనీర్లని ఏవో ప్రశ్నలు అడిగిందట. ఆ వ్యాసం ఆపితే అందరికీ మంచిది. మీ పత్రికకి మేమే పెద్ద ప్రకటనదారులం. వెనక అట్ట ఏళ్ళ తరబడి మాదే."

ఆర్నె గడ్డం గోక్కున్నాడు. "చిన్న సవరణ నాయనా. వెనక అట్ట నాది. దాన్ని మీకు అద్దెకిచ్చాను. ఇవాళ్టితో ఖాళీ చేయించాను."

ఫోన్ పెట్టేశాడు.

"తాతయ్యా," అంది మారిట్ మెల్లగా, "ఆ డబ్బు లేకపోతే మనం ఎన్నాళ్ళు నడపగలం?"

"తెలీదు తల్లీ. ఈ సంచిక మాత్రం నడుస్తుంది." ఆయన వెస్లీ వైపు తిరిగాడు. "ఏమోయ్, మా పత్రికలు ఎవరు చదువుతారని అడిగావట. నాకూ ఆ అనుమానం కొన్నేళ్ళుగా ఉంది. పదండి, చూద్దాం."

ప్రెస్సువాళ్ళని ఆపి మొదటి పేజీలు మార్చారు. ముందు మారిట్ వ్యాసం: ఏం చేశారు, ఎలా చేశారు, ఏం జరిగింది, ఎవరైనా మళ్ళీ చేసి చూసుకునేలా. వెనక అట్ట మీద ప్రకటన ఉండే చోట, తూటా లేని రైఫిల్‌తో ఇంట్లోనే పరీక్షించుకునే పద్ధతి, పెద్ద అక్షరాల్లో, బొమ్మలతో. ఆ బొమ్మలకి ఫొటోలు తీసింది వెస్లీ.

అతని వీడియో కూడా అదేరోజు వచ్చింది. బ్రెన్‌విక్ కంపెనీ ఊరుకోలేదు. అది ఎడిటింగు మాయ అంది, వీక్షకుల కోసం ఆడిన నాటకమంది. నమ్మినవాళ్ళూ ఉన్నారు. ఒక సాయంత్రమంతా వెస్లీ వీడియో కింద పడ్డ తిట్లు చదువుతూ కూర్చున్నాడు.

"కాగితాన్ని ఎడిటింగు మాయ అనలేరుగా," అంది మారిట్, అతని చేతిలోంచి ఫోన్ లాక్కుంటూ. "ఆగు. చదవనీ వాళ్ళని."

చదివారు. డోరీ వెనక అట్ట చింపి దుకాణం తలుపుకి అంటించింది. దాన్ని చూసి పక్క ఊరి దుకాణాలు అంటించాయి. అటవీ శాఖ చెక్‌పోస్టులో ఒకటి, టిఫిన్ హోటల్లో కాఫీ యంత్రం పక్కన ఒకటి. వీడియో చూసి నమ్మనివాళ్ళు అది అబద్ధమని తేల్చడానికే పత్రిక కొన్నారు. ఇంటికెళ్ళి రైఫిల్ తడిపి, పెద్ద డీప్ ఫ్రీజర్లో పెట్టి, సేఫ్టీ జరిపారు. టిక్ మంది.

ఆఫీసు ఫోను ఆగడం మానేసింది. పక్క రాష్ట్రం ఐడహో నించి ఒక తల్లి చేసింది. కూతురి మొదటి వేటకని అదే రైఫిల్ కొన్నారట. "అట్ట మీద రాసినట్టు చేశాం. నా కూతురు సేఫ్టీ తీసేసరికి చప్పుడైంది. ఆ తుపాకి ముందు నడిచేది నేనే అమ్మా, రేపు కొండ మీద," అంది ఆవిడ. మారిట్ ఆవిడ పేరు, ఊరు రాసుకుని ఫోన్ పెట్టేసింది. వెస్లీ ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. ఆమె తియ్యమనలేదు.

వేట మొదలవడానికి వారం ముందు బ్రెన్‌విక్ అమ్మిన ప్రతి రైఫిల్నీ వెనక్కి పిలిచింది. వేరే దారి మిగల్లేదు. పోస్టాఫీసు నించి కొత్త చందాల కవర్లు ప్లాస్టిక్ తొట్లలో వచ్చాయి. ఆర్నె ఒక తొట్టి మీద కాలు చాపుకుని కూర్చుని, "చదువుతున్నారు," అన్నాడు, ఎవరితోనూ కాకుండా. డోరీ ఇంకో నాలుగు దుకాణాలవాళ్ళని కూడగట్టి, వచ్చే ఏడాదంతా వెనక అట్ట తమదేనని కబురు పంపింది. "బాగాలేని సరుకు నేనమ్మినా రాయండి," అని కూడా కలిపింది.

వేట తొలిరోజు. కొండంతా కొత్త మంచు. ఆర్నె గట్టుకి అవతలి వైపు కూర్చుంటానని వెళ్ళాడు. ఇవతల పైన్ చెట్ల అంచున, దూరానికి కనపడే నారింజ రంగు వేట చొక్కాలు వేసుకుని, మారిట్, వెస్లీ ఒకే దుంగ మీద.

"నీకొక మాట చెప్పాలి," గుసగుసగా అన్నాడతను.

"కిందికి దిగాక చెప్పు."

"కిందికి దిగితే ధైర్యం ఉండదు."

మారిట్ ఏదో అనబోయి ఆగింది. ఆమె కళ్ళు అతని భుజం మీదుగా ఎటో వెళ్ళాయి. మెల్లగా పెదవుల మీద వేలు పెట్టుకుంది.

వెస్లీకి అది సిగ్గులా తోచింది. "నోరు మూయించకు మారిట్. వారం నించీ మనసులో అనుకుంటున్నాను. వాన వద్దు, ఎండ వద్దు, నువ్వుంటే చాలు నాకు. నిన్ను ప్రేమిస్తున్నాను," అన్నాడు. ధైర్యం కోసం కొంచెం గట్టిగానే అన్నాడు.

వెనక కొమ్మలు ఫెళఫెళలాడాయి. అతను తిరిగి చూసేసరికి గట్టు మీద మంచు ధూళి మాత్రం లేస్తోంది.

"నీ వెనక మగ ఎల్క్ దుప్పి ఉండింది," అంది మారిట్. "గుర్రమంత."

"ఇప్పుడు?"

"లేదు."

కొంతసేపు ఇద్దరూ ఖాళీ గట్టుని చూశారు. వెస్లీ చెవులు ఎర్రబడ్డాయి. "మరి నా మాటకి జవాబు?"

"బెదిరి పారిపోవడానికి ఇంకేం మిగల్లేదుగా." ఆమె అతని వైపు జరిగింది. "మళ్ళీ చెప్పు. ఈసారి కొండంతా వినపడాలి."

అతను అరిచాడు. కొండ తిరిగి అంది. మారిట్ లేచి నిలబడి, అంతకంటే పెద్ద గొంతుతో, "నేను కూడా," అంది. తర్వాత ఆమె చల్లటి ముక్కు అతని చెంపకి తగిలింది. ఆ పైన కాసేపు ఎవరూ దేన్నీ గమనించలేదు.

గట్టు అవతల ఒకే ఒక్క తుపాకి మోత వినిపించింది.

ఇద్దరూ మంచులో పడుతూ లేస్తూ గట్టెక్కారు. కింద ఆర్నె, పడివున్న ఎల్క్ పక్కన టోపీ తీసి నిలబడి ఉన్నాడు. ఏడాదికి సరిపడా మాంసం.

"ఎవరో దీన్ని సూటిగా నా మీదికి తోలారు," అన్నాడాయన. "ఏం చెప్పి తోలావోయ్?"

వెస్లీ మోకాళ్ళకంటిన మంచు దులుపుకోసాగాడు. మారిటే చెప్పింది. "నన్ను ప్రేమిస్తున్నాడట తాతయ్యా."

"నువ్వేమన్నావు?"

"అది మీకు వినపడే ఉంటుంది."

"వినపడింది. దగ్గర్నించి ఇంకోసారి విందామని."

ఆమె నవ్వి, వెస్లీ చెయ్యి పట్టుకుంది. ముసలాయన ఇద్దరినీ కాసేపు చూశాడు. మొల నించి కత్తి తీసి, పిడి వైపు తిప్పి వెస్లీకి అందించాడు.

"కోటు విప్పి చొక్కా చేతులు పైకి మడుచుకో బాబూ. మా ఇంటి మాంసం కొండ దింపడం ఎప్పుడూ మా ఇంటివాళ్ళ పనే. అన్నిటికంటే బరువైన వెనక తొడ నువ్వు మొయ్యాలి."